వూస్టర్ జట్టులో ఎవరూ నిలవరు, మరి ఈ సీజన్‌ని ఎలా చూడాలి?

నమస్తే అండీ. ముందు మీ ప్రశ్నని క్లుప్తంగా మళ్లీ చెప్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థమవ్వాలి కదా. మీరు ఈమధ్యే మసాచుసెట్స్‌లోని ష్రూస్‌బరీకి మారారు. పదేళ్ల మీ అబ్బాయిని వూస్టర్‌లో బేస్‌బాల్ ఆట చూపించడానికి పోలార్ పార్క్‌కి తీసుకెళ్లారు. వాడికి ఒక కుర్రాడి ఆట తెగ నచ్చింది. రెండు వారాల తర్వాత మళ్లీ వెళ్తే ఆ కుర్రాడు లేడు. బాగా వేస్తున్న పిచర్‌ని, అంటే బంతి విసిరేవాణ్ని, తొమ్మిది ఇన్నింగ్స్‌లో నాలుగో ఇన్నింగ్స్ తర్వాత పక్కన కూర్చోబెట్టారు, చివరికి ఆట పోయింది. బోస్టన్‌లో పేరున్న ఆటగాడొకడు రెండు రోజులు ఇక్కడ ఆడి వెళ్లిపోయాడు. "అసలు వీళ్లకి గెలవాలని ఉందా? ఇలాంటి జట్టు సీజన్‌ని పట్టించుకోవడంలో అర్థముందా?" అని అడిగారు.

అర్థముందండీ, చాలా ఉంది. ఈ జట్టు రోడ్ ఐలండ్‌లోని పటకెట్‌లో ఉన్న రోజుల నుంచి చూస్తున్నవాణ్ని కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను. మైనర్ లీగ్‌లో, అంటే మేజర్ లీగ్ అనే అత్యున్నత స్థాయికి కింద ఉండే లీగుల్లో, సీజన్ అనేది జట్టుది కాదు, ఒక్కొక్క ఆటగాడిది. పాతికమందికి పైగా మనుషులు, పాతిక రకాల సీజన్లు. అయితే అంపైర్ "ప్లే బాల్" అన్నాక మాత్రం వాళ్లు గెలవడానికే ఆడతారు. ఈ రెండూ ఒకేసారి నిజం. మొదటిదాన్ని ముందు వివరిస్తాను, రెండోదానికి 1981 నాటి కథ ఒకటి చెప్తాను.

మన రంజీ ట్రోఫీలో హైదరాబాద్‌కి ఆడేవాడు హైదరాబాద్ ఆటగాడే. ఇండియా జట్టుకి పిలిస్తే వెళ్తాడు, తిరిగి వస్తాడు, కానీ అతను హైదరాబాద్ మనిషే. వూస్టర్ రెడ్ సాక్స్‌లో అలా కాదు. అక్కడి ఆటగాళ్లందరూ మేజర్ లీగ్ క్లబ్ అయిన బోస్టన్ రెడ్ సాక్స్ ఉద్యోగులు. మేనేజర్, కోచ్‌లు, ఫిజియోలు కూడా బోస్టన్ జీతగాళ్లే. వూస్టర్ యాజమాన్యం చేతిలో ఉండేది స్టేడియం, టికెట్లు, తిండి స్టాళ్లు, ఊరితో అనుబంధం. ఎవరు ఆడాలి, ఎక్కడ ఆడాలి, ఎన్ని బంతులు వెయ్యాలి అన్నది బోస్టన్ నిర్ణయిస్తుంది. అందుకే స్కోరు చూసి మీకు "ఇప్పుడెందుకు మార్చారు?" అనిపిస్తుంది. నిర్ణయం వెనక ఉన్న లెక్క స్కోరుబోర్డు మీద కనపడదు.

మీరు చూసిన పిచర్ సంగతే తీసుకోండి. అతనికి ఆ రోజు ఇన్ని బంతులే అని ముందే లెక్క ఉంటుంది. గాయం నుంచి కోలుకుంటూ ఉండవచ్చు, పోయిన ఏడాదికన్నా ఎక్కువ ఇన్నింగ్స్ పడకుండా చూస్తుండవచ్చు, లేదా వచ్చే వారం బోస్టన్‌కి అవసరం పడతాడేమోనని భుజం దాచి ఉంచుతుండవచ్చు. ఇంకొకటి కూడా జరుగుతుంది. కొత్తగా నేర్చుకుంటున్న బంతిని ఆటలోనే వెయ్యమంటారు. బ్యాటర్ దాన్ని బాదేస్తాడని తెలిసినా వెయ్యమంటారు. ఆ రాత్రి మూడు పరుగులు ఇచ్చినా, ఆ బంతి చివర్లో కుదురుకుంటే కోచ్‌లకి అది మంచి రాత్రే. మీరు అబ్బాయికి ఇది చెప్పి చూడండి. స్కోరుతో పాటు "ఈయన ఏం ప్రయత్నిస్తున్నాడు?" అని చూడటం మొదలుపెడితే పిల్లలు ఎంత త్వరగా పట్టుకుంటారో మీకే ఆశ్చర్యమేస్తుంది.

ఇక నిచ్చెన సంగతి. కింద ఫ్లోరిడాలోనూ డొమినికన్ రిపబ్లిక్‌లోనూ కొత్త కుర్రాళ్ల లీగులు, వాటి మీద లో-ఏ, హై-ఏ, డబుల్-ఏ, చివరగా ట్రిపుల్-ఏ. వూస్టర్‌ది ట్రిపుల్-ఏ, అంటే మేజర్ లీగ్‌కి ఒకే ఒక్క మెట్టు కింద. దేశంలో ట్రిపుల్-ఏ జట్లు 30. వూస్టర్ ఉండే ఇంటర్నేషనల్ లీగ్‌లో 20, పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో 10. మార్చి చివర నుంచి సెప్టెంబరు దాకా 150 ఆటలు. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే ప్రత్యర్థితో వరసగా ఆరు ఆటలు, సోమవారం సెలవు. సీజన్‌ని రెండు సగాలుగా చేసి, మొదటి సగం విజేతకీ రెండో సగం విజేతకీ చివర్లో పోటీ పెడుతున్నారు. కాబట్టి పట్టిక, కప్పు అన్నీ ఉన్నాయి, లేవని కాదు. కానీ ఆ కప్పు కోసం బోస్టన్ తన ఆటగాణ్ని ఒక్క రోజు కూడా వూస్టర్‌లో ఆపదు.

మీ అబ్బాయికి నచ్చిన కుర్రాడు ఎందుకు కనపడలేదో ఇప్పుడు చెప్తాను. ప్రతి మేజర్ లీగ్ క్లబ్‌కీ 40 మంది జాబితా ఒకటి ఉంటుంది. అందులో మామూలుగా 26 మంది బోస్టన్‌లో ఆడతారు. మిగతావాళ్లలో గాయాలతో ఉన్నవాళ్లు పోగా, ఎక్కువమంది వూస్టర్‌లోనే ఉంటారు. ఈ 40 మందిలో ఉన్న కుర్రాణ్ని సాధారణంగా మూడు సీజన్ల పాటు క్లబ్ తన ఇష్టప్రకారం కిందికి పంపవచ్చు, పైకి పిలవవచ్చు. దీన్నే "ఆప్షన్" అంటారు. ఒక సీజన్‌లో ఒక మనిషిని ఐదుసార్లకు మించి ఇలా కిందికి పంపకూడదని 2022 ఒప్పందంలో పెట్టారు. కిందికి వచ్చిన బ్యాటర్ కనీసం పది రోజులు, పిచర్ పదిహేను రోజులు ఉండాలి, పైన ఎవరికైనా దెబ్బ తగిలి ఖాళీ వస్తే తప్ప. ఈ లెక్కలు తెలిస్తే జట్టులో రాకపోకలు అయోమయంగా అనిపించవు. బోస్టన్‌లో ఎవరి కండరం పట్టేసిందో చూస్తే రేపు వూస్టర్‌లో ఎవరు ఉండరో మీరే ఊహించగలరు.

2025 సీజన్‌లో ఇదంతా కళ్లముందే జరిగింది. మే 24న బోస్టన్ మూడో బేస్ ఆటగాడు అలెక్స్ బ్రెగ్‌మన్ తొడ కండరం గాయంతో జట్టుకి దూరమయ్యాడు. వూస్టర్‌లో ఉన్న మార్సెలో మేయర్‌కి కబురొచ్చింది. బోస్టన్‌కి ఆ రోజు డబుల్ హెడర్, అంటే ఒకే రోజు రెండు ఆటలు. రెండో ఆటకల్లా మేయర్ బోస్టన్ సొంత మైదానం ఫెన్వే పార్క్‌లో ఉన్నాడు. వూస్టర్ నుంచి ఫెన్వేకి డెబ్భై కిలోమీటర్ల లోపే. అంత దగ్గర కాబట్టే మన జట్టులో రాకపోకలు ఇంకా ఎక్కువ.

తర్వాత రోమన్ ఆంథనీ. అప్పటికి 21 ఏళ్లు. దేశంలోనే అందరికన్నా మంచి కుర్రాడని పత్రికలు రాస్తున్న రోజులు. జూన్ 7, శనివారం, రోచెస్టర్ ఊళ్లో ఆట. పరుగు పూర్తిచేసే దారిలోని మూడు మజిలీల్లోనూ, అంటే మూడు బేసుల్లోనూ, మనవాళ్లే. ఆంథనీ కొట్టిన బంతి 497 అడుగులు వెళ్లింది, అంటే మన లెక్కలో 150 మీటర్ల పైమాటే. ఏ స్థాయి బేస్‌బాల్‌లోనైనా అంత దూరం వెళ్లే బంతి చాలా అరుదు. ఆ వీడియో మీ అబ్బాయికి తప్పకుండా చూపించండి. బ్యాట్‌కి బంతి తగిలిన క్షణంలో బయటి ఫీల్డర్లు పెద్దగా పరుగెత్తను కూడా లేదు. రెండు రోజుల తర్వాత, సోమవారం, బోస్టన్‌లో విల్యర్ అబ్రేయూకి పక్కటెముకల దగ్గర కండరం పట్టేసింది. ఆంథనీ ఆ రాత్రే మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. ఆగస్టులో ఎనిమిదేళ్లకి 130 మిలియన్ డాలర్ల ఒప్పందం కుదిరింది. పై వారం టికెట్లు కొనుక్కున్న వూస్టర్ వాళ్లకి అతను దొరకలేదు. కానీ అతను వెళ్లిపోవడమే ఆ జట్టు చేసిన పని. అందుకు బాధపడకూడదు.

నిచ్చెన కిందికీ పనిచేస్తుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో క్రిస్టియన్ క్యాంప్‌బెల్ బోస్టన్‌తో ఎనిమిదేళ్లకి 60 మిలియన్ల ఒప్పందం చేసుకున్నాడు, ఆ నెలంతా బాగా ఆడాడు. మేలో బ్యాట్ మూగబోయింది. జూన్‌లో వూస్టర్‌కి పంపారు. అంత ఒప్పందం చేతిలో ఉన్నా మళ్లీ ఇక్కడే బ్యాటింగ్ సరిదిద్దుకోవాలి. ఇలా కిందికొచ్చిన కుర్రాడు మైదానంలో ఎలా ఉంటాడో గమనించండి. అసలు మనిషి అక్కడ తెలుస్తాడు.

రెండు రోజులు ఆడి వెళ్లిన పేరున్న ఆటగాడు కూడా ఈ లెక్కలోనివాడే. గాయం తగ్గాక నేరుగా ఫెన్వేలో దించరు. కొన్నాళ్లు కింద ఆడించి చూస్తారు. బ్యాటర్‌కి గరిష్టంగా 20 రోజులు, పిచర్‌కి 30. దీన్ని రీహాబ్ అంటారు. అలా వచ్చిన పెద్ద ఆటగాడు ఆట అయ్యాక జట్టు మొత్తానికీ మంచి భోజనం తెప్పించడం ఇక్కడ చాలా పాత ఆనవాయితీ. కుర్రాళ్లకి ఆ ప్లేటు ఎందుకంత విలువైందో తెలియాలంటే జీతాలు చూడాలి.

2021లో ట్రిపుల్-ఏ ఆటగాడికి కనీస జీతం వారానికి 700 డాలర్లు, అదీ సీజన్ నడిచినన్నాళ్లే. కింద మెట్లలో ఇంకా తక్కువ. అద్దె సొంతం, నలుగురైదుగురు ఒక గదిలో పడుకోవడం, శీతాకాలంలో ఏదో ఒక పని చేసుకోవడం. 2022లో క్లబ్బులు వసతి ఇవ్వడం మొదలుపెట్టాయి. అదే ఏడాది మైనర్ లీగ్ ఆటగాళ్లు మేజర్ లీగ్ యూనియన్‌లో చేరారు. ఏళ్ల తరబడి నడిచిన జీతాల కేసు 185 మిలియన్ డాలర్లకి రాజీ అయింది. 2023లో మొట్టమొదటి ఉమ్మడి ఒప్పందం వచ్చి, ట్రిపుల్-ఏ కనీస జీతం ఏడాదికి 35,800 డాలర్లు, డబుల్-ఏలో 30,250 అయింది. మసాచుసెట్స్‌లో ఇంటి అద్దెలు కడుతున్న మనకి ఆ అంకె ఎంత చిన్నదో చెప్పక్కర్లేదు. అదే 2025లో బోస్టన్‌లో ఆడేవాడికి కనీసం 7,60,000. సీజన్ రోజులతో భాగిస్తే రోజుకి 4,000 డాలర్ల పైనే. పైన మొత్తం 43 రోజులు ఉంటే చాలు, పింఛనుకి అర్హత వస్తుంది. అందుకని 28 ఏళ్ల పిచర్ ఒకడు పదిహేను రోజులకి పైకి వెళ్లి తిరిగొచ్చాడంటే "పాపం, దించేశారు" అనుకోకండి. ఆ పదిహేను రోజులు ట్రిపుల్-ఏ కనీస జీతం లెక్కలో ఏడాదిన్నర పైమాటే.

ఇప్పుడు రెండో మాట. గెలవాలని ఉందా వాళ్లకి?

1981 ఏప్రిల్ 18, శనివారం. తెల్లారితే ఈస్టర్. వూస్టర్ జట్టు అప్పుడు పటకెట్ రెడ్ సాక్స్. 2020 దాకా అక్కడే ఉండి, 2021లో వూస్టర్‌కి వచ్చింది. మెకాయ్ స్టేడియంలో ప్రత్యర్థి రోచెస్టర్. అవునండీ, ఆంథనీ ఆ బంతి కొట్టిన ఊరి జట్టే. లైట్లు పాడై అరగంట ఆలస్యంగా, రాత్రి ఎనిమిదికి ఆట మొదలైంది. వచ్చినవాళ్లు 1,740 మంది. ఏడో ఇన్నింగ్స్‌లో రోచెస్టర్ ఒక పరుగు చేసింది. తొమ్మిదో ఇన్నింగ్స్ ఆఖర్లో పటకెట్ సమం చేసింది. బేస్‌బాల్‌లో డ్రా ఉండదు, తేలేదాకా ఆడాల్సిందే.

పది, పదిహేను, ఇరవై ఇన్నింగ్స్ అయ్యాయి, తేలలేదు. 21లో రోచెస్టర్ మళ్లీ ఒక పరుగు చేసింది. జనం లేవబోతుంటే, ఆఖర్లో పటకెట్ మూడో బేస్ కుర్రాడు వేడ్ బాగ్స్ డబుల్, అంటే రెండో బేస్ దాకా చేర్చే హిట్, కొట్టి మళ్లీ సమం చేశాడు. తనని కౌగిలించుకోవాలో కొట్టాలో సొంత జట్టువాళ్లకే తెలియలేదని ఆయన తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. ఏప్రిల్‌లో న్యూ ఇంగ్లండ్ చలి మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. దానికి ఎదురుగాలి తోడు. విరిగిన బ్యాట్లు డబ్బాల్లో వేసి కాల్చి చేతులు కాచుకున్నారు. అర్ధరాత్రి 12:50 దాటాక కొత్త ఇన్నింగ్స్ మొదలుపెట్టకూడదని లీగ్ నియమం ఉంది. కానీ ఆ ఏడాది అంపైర్ల చేతిలో ఉన్న కాపీలో ఆ వాక్యం లేదు. వాళ్లు కాగితాన్నే నమ్మారు, ఆట నడిపించారు. పటకెట్ మేనేజర్ జో మోర్గన్ 22వ ఇన్నింగ్స్‌లో అంపైర్‌తో వాదించి మైదానం బయటికి వెళ్లాల్సొచ్చింది.

రోచెస్టర్ తరఫున జిమ్ అంబార్గర్ అనే పిచర్ వచ్చి పది ఇన్నింగ్స్ వేశాడు, ఒక్క పరుగూ ఇవ్వలేదు. అంతకుముందు మేజర్ లీగ్‌లో ఆడినవాడు, మళ్లీ అక్కడికి చేరలేదు. ఆ రాత్రి అతను వేసినదాన్ని చూసి పిలిచేవాళ్లెవరూ లేరక్కడ. అయినా వేశాడు. 32వ ఇన్నింగ్స్‌లో, తెల్లవారుజామున నాలుగు కావస్తుండగా, ఆధిక్యం తెచ్చే పరుగు కోసం హోమ్ ప్లేట్‌కి దూసుకొస్తున్న రోచెస్టర్ ఆటగాణ్ని పటకెట్ ఫీల్డర్ సామ్ బోవెన్ బయటి ఫీల్డ్ నుంచి విసిరిన బంతితో అవుట్ చేశారు. ఒక్కసారి ఊహించుకోండి. ఎనిమిది గంటలుగా ఆడుతున్నారు, వేళ్లు కొంకర్లు పోతున్నాయి, ఆ బంతిని కాస్త వదిలేస్తే ఇంటికెళ్లి పడుకోవచ్చు. ఆయన వదలలేదు.

ఎట్టకేలకు లీగ్ అధ్యక్షుడు ఫోన్లో దొరికి, ఆపమన్నాడు. 4:07కి 2-2 స్కోరు దగ్గర ఆట ఆగింది. స్టాండ్స్‌లో మిగిలింది 19 మంది. వాళ్లకి తర్వాత క్లబ్ ఉచిత పాసులిచ్చి గౌరవించింది. పటకెట్ పిచర్ లూయిస్ అపోంటే ఇంటికెళ్లి "ఇంతసేపూ ఆటలోనే ఉన్నా" అంటే భార్య నమ్మలేదట. ఆ వేళకి పత్రికలు అచ్చయిపోయాయి కాబట్టి ఆదివారం పేపర్లో కూడా సాక్ష్యం దొరకలేదు.

మిగతా ఆట జూన్ 23న. అప్పటికి మేజర్ లీగ్ ఆటగాళ్లు సమ్మెలో ఉన్నారు, దేశంలో పెద్ద బేస్‌బాల్ ఏదీ లేదు. విలేకరులంతా పటకెట్‌కి దిగారు. 5,746 మంది ప్రేక్షకులు. 33వ ఇన్నింగ్స్‌లో బాబ్ ఓహేడా రోచెస్టర్‌ని పరుగు చెయ్యనివ్వలేదు. ఆఖర్లో మార్టీ బారెట్‌కి బంతి తగిలి బేస్ దొరికింది, చికో వాకర్ హిట్ కొట్టాడు, రస్ లారిబీకి కావాలనే వాక్ ఇచ్చారు, అంటే కొట్టలేని బంతులు వేసి మొదటి బేస్‌కి ఊరికే పంపారు. మూడు బేసులూ నిండాయి. డేవ్ కోజా ఎడమవైపుకి సింగిల్ కొట్టాడు. బారెట్ వచ్చేశాడు, 3-2. పద్దెనిమిది నిమిషాల్లో అయిపోయింది. మొత్తం 33 ఇన్నింగ్స్, 8 గంటల 25 నిమిషాలు. అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో అంత పొడుగు ఆట మరొకటి లేదు. 2018 నుంచి మైనర్ లీగుల్లో పదో ఇన్నింగ్స్ నుంచి రెండో బేస్ మీద ఒక మనిషిని ముందే నిలబెడుతున్నారు కాబట్టి ఇక ఉండే అవకాశమూ లేదు.

ఆ రాత్రి ఆడినవాళ్ల పేర్లు చూడండి. బాగ్స్ 12 సార్లలో 4 హిట్లు. రోచెస్టర్ మూడో బేస్‌లో కాల్ రిప్‌కెన్ జూనియర్, 13కి 2. ఇద్దరూ తర్వాత బేస్‌బాల్ మహామహులకి దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరారు, ఒకరు 2005లో, ఒకరు 2007లో. రిప్‌కెన్ అదే ఆగస్టులో పైకి వెళ్లాడు, తర్వాత వరసగా 2,632 ఆటలు ఆడాడు. బారెట్, ఓహేడా, బ్రూస్ హర్స్ట్, రిచ్ గెడ్‌మన్ అందరూ అయిదేళ్లకి 1986 వరల్డ్ సిరీస్‌లో, అంటే మేజర్ లీగ్ ఫైనల్లో, ఉన్నారు, ఓహేడా మాత్రం అవతల న్యూయార్క్ మెట్స్ వైపు. శీతాకాలంలో టర్న్‌పైక్ అనే పెద్ద రహదారి మీద మంచు తోసే బండి నడిపిన జో మోర్గన్ 1988లో బోస్టన్ మేనేజరై, వచ్చీ రాగానే వరసగా 12 ఆటలు గెలిపించాడు.

బాగ్స్ సంగతి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది. 1976లో క్లబ్బులు కొత్త కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో బోస్టన్ ఏడో రౌండ్‌లో తీసుకున్న కుర్రాడు. మొదటి ఏడాది తప్ప మైనర్ లీగ్‌లో ప్రతి ఏడాదీ .300 దాటాడు, అంటే పది అవకాశాల్లో మూడు హిట్లకి పైనే. 1981లో .335తో ఇంటర్నేషనల్ లీగ్‌లో అందరికన్నా పైన ఉన్నాడు. అయినా ఆరు సీజన్లు కిందే. పరుగు నెమ్మది, హోమ్ రన్లు (బంతిని మైదానం దాటించే హిట్లు) తక్కువ, ఫీల్డింగ్ చాలదు అనేవారు. పైగా 1981లో బోస్టన్ మూడో బేస్‌లో కార్నీ లాన్స్‌ఫోర్డ్ ఉన్నాడు, ఆ ఏడాది మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటైన అమెరికన్ లీగ్ బ్యాటింగ్‌లో మొదటి స్థానం అతనిదే. 1982లో లాన్స్‌ఫోర్డ్‌కి గాయమైతే గానీ బాగ్స్‌కి రోజూ ఆడే అవకాశం రాలేదు. ఆ ఏడాది .349 కొట్టాడు, ఆట మానేసేనాటికి 3,010 హిట్లు. అంత ఆటగాడు కూడా ఇంకొకడి గాయం కోసం ఎదురుచూడాల్సొచ్చింది. మీరు పోలార్ పార్క్‌లో చూసే ప్రతి ఆటగాడి ముందూ ఇలాంటి లాన్స్‌ఫోర్డ్ ఒకడు ఉంటాడు.

ఇక డేవ్ కోజా. వయోమింగ్ రాష్ట్రం కుర్రాడు, మొదటి బేస్. ఆ సుదీర్ఘమైన ఆటలో 14కి 5 హిట్లు, గెలిపించిన హిట్ కూడా అతనిదే. ఏళ్ల తరబడి ట్రిపుల్-ఏలో ఆడాడు. మేజర్ లీగ్‌లో ఒక్క రోజు కూడా ఆడలేదు. నాకు ఈ జట్టు చరిత్రలో అందరికన్నా ఇష్టమైన ఆటగాడు ఆయనే. హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లినవాళ్లు ఈ జట్టు మీదుగా వెళ్లారు. కోజాలాంటివాళ్లు మాత్రం ఇక్కడే తమ బేస్‌బాల్ అంతా ఆడారు, 33వ ఇన్నింగ్స్‌లో కూడా తలదించి బంతి చూసి కొట్టారు. ఈ లీగ్ నడుస్తున్నది అలాంటివాళ్ల మీదే. వాళ్లు లేకపోతే ఆంథనీలకి ఎదురు వేసే పిచర్లే ఉండరు.

అందుకని మీ అబ్బాయికి నా సలహా ఇది. ఒక్కణ్ని కాదు, ముగ్గుర్ని ఎంచుకోమనండి. ఒకడు ఇరవై రెండేళ్ల లోపువాడు, వెళ్లిపోయేవాడు. ఒకడు నడి వయసు పిచర్, పైకీ కిందికీ తిరిగేవాడు. ఒకడు ముప్ఫై దగ్గర పడుతున్నవాడు, ఊళ్లో నిలిచేవాడు. ముగ్గురి సీజన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయమనండి. ఆటగాడు వెళ్లిపోతే కొట్టెయ్యక్కర్లేదు, ఆ పేరు పక్కన ఎక్కడికి వెళ్లాడో రాస్తే చాలు. బోస్టన్‌కైతే టీవీలో చూడొచ్చు. ఇంకో క్లబ్‌కి ట్రేడ్ అయితే ఏదో ఒక వారం ప్రత్యర్థిగా పోలార్ పార్క్‌కే రావచ్చు.

అంకెల్లో మూడే చూడండి. మొదట వయసు. ట్రిపుల్-ఏలో చాలామంది పాతిక దాటినవాళ్లే, కాబట్టి 21 ఏళ్లవాడి .260ని 29 ఏళ్లవాడి .300 కన్నా బోస్టన్ ఎక్కువగా లెక్కేస్తుంది. రెండోది, బ్యాటర్ ఎన్నిసార్లు స్ట్రైకవుట్ (బంతి కొట్టలేక మూడు స్ట్రైకులతో అవుట్) అవుతున్నాడు, ఎన్నిసార్లు వాక్ తీసుకుంటున్నాడు. నెల రోజుల్లో బ్యాటింగ్ సగటు అదృష్టంతో పెరగొచ్చు, తగ్గొచ్చు. ఈ రెండూ అంత త్వరగా అబద్ధం చెప్పవు. పిచర్‌కైతే ఇదే తిరగేసి చూడాలి. మూడోది, ఏ స్థానంలో ఆడిస్తున్నారు. షార్ట్‌స్టాప్‌ని (రెండో, మూడో బేసుల మధ్య ఉండే ఫీల్డర్‌ని) ఉన్నట్టుండి ఎడమ ఫీల్డ్‌లో పెట్టారంటే పైన అక్కడ ఖాళీ రాబోతోందని క్లబ్ అనుకుంటోంది. నేనైతే లైనప్‌లో ముందు చూసేది అదే.

ఇంకొకటి, మేజర్ లీగ్ నియమాలు కూడా ముందు ఇక్కడే పరీక్షకి వస్తాయి. బంతి వెయ్యడానికి పిచర్‌కి గడువు పెట్టే పిచ్ క్లాక్‌ని మైనర్ లీగుల్లో పరీక్షించి 2023లో పైకి తీసుకెళ్లారు. స్ట్రైకా కాదా అన్న అంపైర్ నిర్ణయం నచ్చకపోతే బ్యాటర్ హెల్మెట్ తట్టి కెమెరా తీర్పు అడగడం కూడా ట్రిపుల్-ఏలో ఆడి చూశాకే 2026లో మేజర్ లీగ్‌కి వెళ్లింది. పిల్లలకి ఈ హెల్మెట్ తట్టడం భలే నచ్చుతుంది.

మనవాళ్లెవరైనా ఈ నిచ్చెన ఎక్కారా అని కూడా అడిగారు. ఇద్దరున్నారు, ఉత్తరప్రదేశ్ వాళ్లు. రింకూ సింగ్, దినేశ్ పటేల్. ఈ రింకూ మన క్రికెటర్ రింకూ కాదు, వేరే మనిషి. జావెలిన్ విసిరే కుర్రాళ్లు. అంతకుముందు బేస్‌బాల్ ముట్టుకోలేదు. ఒక టీవీ పోటీలో వేగంగా విసిరి గెలిచి, 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో మొదటి భారతీయులు వాళ్లే. పటేల్‌ని 2010 చివర్లో వదిలేశారు. రింకూ కింది మెట్లలో మెల్లగా పైకొచ్చి 2012లో లో-ఏలో వెస్ట్ వర్జీనియా తరఫున ఆడాడు. తర్వాత మోచేతి గాయాలు వదల్లేదు. 2018లో కుస్తీ వైపు, డబ్ల్యూడబ్ల్యూఈకి వెళ్లిపోయాడు. ట్రిపుల్-ఏ దాకా రాలేకపోయినా, బంతి పట్టిన ఏడాదికే అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో అడుగుపెట్టడం చిన్న విషయం కాదు. నా దృష్టిలో ఆ నాలుగేళ్లు గర్వంగా చెప్పుకోదగ్గవే.

చివరగా, వచ్చే సీజన్‌కి వెళ్లేటప్పుడు. ఏప్రిల్ రాత్రి ఆటలకి దుప్పటి తప్పనిసరి, మొదటిసారి పిల్లల్ని తీసుకెళ్తుంటే మే నెల ఆదివారం మధ్యాహ్నం మేలు. గేట్లు తెరవగానే వెళ్లి మన జట్టు డగౌట్ దగ్గర నిలబడండి. ఆటకి ముందు చాలామంది సంతకాలిస్తారు, ముఖ్యంగా పైకెళ్లి తిరిగొచ్చినవాళ్లు పిల్లలతో ఓపిగ్గా మాట్లాడతారు. ఒకే వారంలో రెండు ఆటలు చూడగలిగితే ఇంకా మంచిది. అదే ప్రత్యర్థి కాబట్టి మంగళవారం మోసపోయిన బ్యాటర్ శుక్రవారం అదే బంతిని ఏం చేస్తాడో చూడొచ్చు.

సెప్టెంబరుతో నోట్‌బుక్ మూసెయ్యకండి. నవంబరు మధ్యలో క్లబ్బులు డిసెంబరు డ్రాఫ్ట్‌లో ఇతరులు ఎత్తుకుపోకుండా కొందరు కుర్రాళ్లని 40 మంది జాబితాలో చేర్చుకుంటాయి, కొందర్ని వదిలేస్తాయి. మీ అబ్బాయి రాసుకున్న ముగ్గురిలో ఎవరి పేరు అందులో ఉందో చూడండి. వాళ్ల సీజన్ ఫలితం ఆ రోజే వస్తుంది. ఆ జాబితా వచ్చాక ఏదైనా అర్థం కాకపోతే ఇక్కడే అడగండి, పేర్లు చెప్తే ఒక్కొక్కరి సంగతి విడిగా రాస్తాను.